లైనక్స్‌లో డైరెక్టరీ ఒక్కోసారి డిలీట్ అవ్వట్లేదా? అడ్డుపడేది ఎవరో పట్టుకునే పద్ధతి

"అన్నా, డైరెక్టరీ డిలీట్ అవ్వట్లేదు. మళ్లీ కొడితే పోతోంది." విశాఖ మధురవాడ ఐటీ హిల్స్ కింద టీ బండి దగ్గర ఈ మాట వినని నెల లేదు నాకు. అడిగే పిల్లలు మారుతుంటారు, సర్వర్లు మారుతుంటాయి, మాట మాత్రం అదే. ఎప్పుడూ ఫెయిలయ్యే పనికి కారణం వెతకడం తేలిక. వారంలో రెండు రాత్రులు ఫెయిలై, మిగతా ఐదు రాత్రులు బుద్ధిగా నడిచేదే ప్రాణం తీస్తుంది. పొద్దున్న మనం వచ్చి చూసేసరికి అంతా మామూలుగానే ఉంటుంది మరి.

అలాంటి కేసును ఎక్కడ మొదలుపెట్టి ఎలా తేల్చాలో వరసగా రాస్తున్నాను. కమాండ్లను నైట్ షిఫ్ట్‌లో ఫోన్లో చదివి చెప్పుకునే తీరులోనే ఇచ్చాను. టెర్మినల్ ముందు కూర్చుని చదివితే ఇబ్బంది ఉండదు.

## 1. మొదలుపెట్టే ముందు: ఎర్రర్‌ను మింగేసే చోట్లు వెతకండి

మీ స్క్రిప్ట్ తెరిచి, డిలీట్ చేసే ప్రతి లైనూ చూడండి. చివర "టూ గ్రేటర్ దేన్ డెవ్ నల్" ఉందా? రెండు నిలువు గీతలు పెట్టి ట్రూ అని రాసి ఉందా? పైథాన్‌లో డైరెక్టరీ మొత్తం చెరిపే ఆర్‌ఎంట్రీకి ఇగ్నోర్ ఎర్రర్స్ ట్రూ అని ఇచ్చారా? ఉంటే తీసేయండి. ఎప్పుడో ఎవరో విసుగొచ్చి పెట్టినవి అవి. అవి ఉన్నంత కాలం మీకు తెలిసేది "ఏదో పోలేదు" అని మాత్రమే.

ఇంకో అపోహ కూడా ఇక్కడే వదిలించుకోవాలి. డిలీట్ చేసే కమాండ్ ఆర్‌ఎం. ఆర్‌ఎం మైనస్ ఎఫ్ అంటే "ఎలాగైనా చెరిపెయ్" అని కాదు. ఫైల్ లేకపోతే గొడవ చేయకు, నన్ను ఏమీ అడగకు అని అంతే. చెరపలేకపోతే ఎఫ్ ఉన్నా ఎర్రర్ వస్తుంది, ఎగ్జిట్ కోడ్ 1 వస్తుంది.

తర్వాత ఒక చిన్న స్క్రిప్ట్ రాసి పెట్టుకోండి. ఆర్‌ఎం ఫెయిలైన మరుక్షణం అది నడవాలి. నడిచి ఇవి ఒక లాగ్ ఫైల్లో రాయాలి:

- టైమ్, మిల్లీసెకన్లతో సహా
- ఆర్‌ఎం ఇచ్చిన మెసేజ్, పాత్‌తో సహా పూర్తిగా
- ఆ మెసేజ్‌లో ఉన్న డైరెక్టరీ మీద ఎల్‌ఎస్ మైనస్ ఎల్, క్యాపిటల్ ఏ
- పీఎస్ మైనస్ ఈఎఫ్, డబుల్ మైనస్ ఫారెస్ట్ (నడుస్తున్న ప్రాసెస్‌లు, ఎవరి పిల్లలు ఎవరో)
- ఫైండ్‌ఎంఎన్‌టీ మైనస్ క్యాపిటల్ టీ, పక్కన ఆ పాత్ (అది ఏ డిస్క్ మీద ఉందో)
- సుడోతో, అంటే రూట్ హక్కులతో, ఎఫ్‌యూజర్ మైనస్ వీ, ఆ తర్వాత ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ క్యాపిటల్ డి (ఎవరు వాడుతున్నారో)
- డీమెస్గ్ మైనస్ క్యాపిటల్ టీ (కెర్నల్ మెసేజ్‌లు), చివరి 50 లైన్లు

ఈ వరస మార్చకండి. ఎల్‌ఎస్ ముందు రావాలి, ఎందుకంటే ఆధారం క్షణాల్లో మాయమవుతుంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ డి పెద్ద డైరెక్టరీల మీద మెల్లగా నడుస్తుంది కాబట్టి అది చివర్లో. సుడో మర్చిపోతే ఎఫ్‌యూజర్, ఎల్‌ఎస్‌ఓఎఫ్ రెండూ మీ సొంత ప్రాసెస్‌లను తప్ప మిగతావాటిని సరిగా చూడలేవు. ఖాళీ లిస్ట్ చూసి "ఎవరూ వాడట్లేదు సార్" అని చెప్పేవాళ్లలో సగం మంది సుడో లేకుండా చూసినవాళ్లే.

ఎల్‌ఎస్‌కు క్యాపిటల్ ఏ ఎందుకంటే చుక్కతో మొదలయ్యే ఫైళ్ల కోసం. మనకు కావలసినవి తరచుగా అవే.

## 2. మెసేజ్ ఏమంటోందో బట్టి దారి వేరు

"డిలీట్ అవ్వలేదు" అనేది ఒక సమస్య కాదు, అరడజను సమస్యలకు ఒకే పేరు. కాబట్టి ముందు అసలు మెసేజ్ చూడాలి.

డైరెక్టరీ నాట్ ఎంప్టీ, నంబర్ 39 (కెర్నల్ ఇచ్చే ఎర్రర్ నంబర్). ఒక్కోసారి వచ్చి ఒక్కోసారి రాని కేసుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 3, 4, 5 భాగాలు చూడండి.

డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ, నంబర్ 16. మౌంట్ పాయింట్ (వేరే డిస్క్‌నో ఫోల్డర్‌నో తగిలించిన డైరెక్టరీ), లేదా ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే నెట్‌వర్క్ డిస్క్‌లో, ఇంకా తెరిచి ఉన్న ఫైల్. 5, 6 భాగాలు.

పర్మిషన్ డినైడ్, నంబర్ 13. ఆపరేషన్ నాట్ పర్మిటెడ్, నంబర్ 1. ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కావు. 7వ భాగం.

స్టేల్ ఫైల్ హ్యాండిల్, నంబర్ 116. నెట్‌వర్క్ డిస్క్ మీద మనం పట్టుకున్న ఫైల్‌నో డైరెక్టరీనో ఇంకో మెషీన్ నుంచి ఎవరో తీసేశారు.

రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్, నంబర్ 30. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్, నంబర్ 5. ఇక్కడ ఈ గైడ్ పక్కన పెట్టేసి డీమెస్గ్ చూడండి. ఈఎక్స్‌టీ4 (లైనక్స్ డిస్క్‌లకు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) లోపల తప్పు కనిపిస్తే, సెట్టింగ్‌ను బట్టి, రాయడం ఆపేసి రీడ్ ఓన్లీలోకి వెళ్లిపోతుంది. తుఫాను రాత్రి యూపీఎస్ కూడా చేతులెత్తేసి సర్వర్ దభీమని ఆగిపోయిన మర్నాడు మన ఊళ్లో ఇది మామూలే. ముందు బ్యాకప్, తర్వాత అన్‌మౌంట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే కమాండ్). మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపొద్దు.

నో స్పేస్ లెఫ్ట్, నంబర్ 28. డిలీట్ చేస్తుంటే ఖాళీ లేదనడం ఏంటి అని నవ్వొస్తుంది గానీ, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నిజంగానే వస్తుంది. అది చెరపడానికి కూడా ముందు కొత్త బ్లాక్ రాసుకోవాలి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన మాట. విండోస్ నుంచి వచ్చిన చాలామంది "ఎవరో ఫైల్ తెరిచి ఉంచారు, అందుకే పోవట్లేదు" అని నేరుగా తీర్పు ఇచ్చేస్తారు. లైనక్స్‌లో లోకల్ డిస్క్ మీద, అంటే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి వాటి మీద, అది కారణం కాదు. తెరిచి ఉన్న ఫైల్‌ను నిక్షేపంగా చెరపొచ్చు. పేరు పోతుంది, లోపలి డేటా మాత్రం ఆఖరి ప్రాసెస్ మూసేదాకా డిస్క్ మీద ఉంటుంది. ఎవరైనా ఆ డైరెక్టరీలోకి సీడీ చేసి కూర్చున్నా సరే, అది ఖాళీగా ఉంటే చెరిగిపోతుంది. నమ్మకం లేకపోతే రెండు టెర్మినల్స్ తెరిచి ఇప్పుడే చేసి చూడండి.

అంటే లోకల్ డిస్క్ మీద ఫైల్ చదువుతున్నవాడు మీకు అడ్డు కాడు. రాస్తున్నవాడు, అందులోనూ కొత్త ఫైల్ సృష్టిస్తున్నవాడు అడ్డు. వెతకాల్సింది వాణ్ణి.

## 3. "డైరెక్టరీ నాట్ ఎంప్టీ" అసలు ఎలా వస్తుంది

అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారు అనుకోండి. ఒక్కో గదీ చూసుకుంటూ సామాను ఆటోలోకి చేర్చారు. హాలు అయింది, వంటిల్లు అయింది. ఇక తాళం వేద్దామని గుమ్మం దగ్గరికి వస్తే, పాలవాడు ఎప్పట్లాగే ప్యాకెట్ లోపలికి విసిరేసి వెళ్లాడు. అతనికి మీరు ఖాళీ చేస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు. ఓనరు వచ్చి "ఇంకా సామానుందే" అంటాడు.

ఆర్‌ఎం మైనస్ ఆర్ఎఫ్ పని కూడా అచ్చం ఇంతే. అది ఒకే దెబ్బకు జరిగే పని కాదు. ముందు డైరెక్టరీలో ఏమున్నాయో లిస్ట్ చదువుతుంది. ఆ లిస్ట్‌లోని ఒక్కో పేరూ చెరుపుతుంది. అంతా అయ్యాక డైరెక్టరీని చెరపమని కెర్నల్‌ను అడుగుతుంది. లిస్ట్ చదవడానికీ ఆఖరి అడుగుకీ మధ్య ఎవరైనా కొత్త ఫైల్ పెడితే కెర్నల్ 39 అంటుంది. మెసేజ్ అబద్ధం కాదు, ఆ క్షణానికి అది ఖాళీగా లేదు.

రెండోసారి కొడితే ఎందుకు పోతుంది? ఈలోపు పాలవాడు వెళ్లిపోయాడు కాబట్టి.

డైరెక్టరీ ఎంత పెద్దదైతే ఆ మధ్య వ్యవధి అంత ఎక్కువ. డిస్క్ బిజీగా ఉంటే ఇంకా ఎక్కువ. పగలు టెస్ట్ చేస్తే బాగానే ఉండి రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడే ఫెయిలవడానికి కారణం సాధారణంగా ఇదే.

కొత్త ఫైల్ పెట్టేవాళ్లు ఎవరై ఉండొచ్చు? నేను చూసినంతలో:

- ఆపమని చెప్పాం గానీ ఇంకా ఆగని మన సొంత ప్రాసెస్
- దాని పిల్ల ప్రాసెస్. తల్లి చచ్చాక కూడా బతికి ఉన్నది
- ముందు రోజు క్రాన్ జాబ్ (టైమ్ ప్రకారం దానంతటదే నడిచే పని) ఇంకా అవ్వకుండానే మొదలైన ఇవాళ్టి జాబ్
- లాగ్ రొటేట్ చేసే పని, లేదా క్యాష్ ఫైళ్లు రాసే టూల్
- అదే ఫోల్డర్‌ను ఎడిటర్‌లో తెరిచి ఇంటికెళ్లిపోయిన పెద్దమనిషి

చివరిదాన్ని తక్కువ అంచనా వేయకండి.

## 4. రాసేవాణ్ణి పట్టుకోవడం

మూడు పనిముట్లు. తేలికదానితో మొదలుపెట్టండి.

4.1 ఐనోటిఫైవెయిట్. ఐనోటిఫై టూల్స్ ప్యాకేజీలో వస్తుంది. మైనస్ ఎం, మైనస్ ఆర్, మైనస్ ఈ క్రియేట్ కామా మూవ్డ్ టూ అని ఇచ్చి, టైమ్ ఫార్మాట్ పెట్టి, డైరెక్టరీ మీద వదలండి. ఏ ఫైల్ ఎప్పుడు పుట్టిందో చెబుతుంది. ఎవరు పుట్టించారో చెప్పదు. కానీ చాలాసార్లు ఫైల్ పేరు చూడగానే "ఓహో, ఇదా" అని మనకే వెలుగుతుంది. ఆ వెలుగు వస్తే మిగతా రెండింటి అవసరం లేదు.

గుర్తుంచుకోండి: ఎన్‌ఎఫ్‌ఎస్ మీద వేరే మెషీన్ చేసిన మార్పులు దీనికి కనిపించవు.

4.2 ఆడిట్. ఎవరు పుట్టించారో చెప్పేది ఇది. రూట్‌గా ఆడిట్‌సీటీఎల్ మైనస్ డబ్ల్యూ, డైరెక్టరీ పాత్, మైనస్ పీ డబ్ల్యూ, మైనస్ కే, ఒక పేరు. ఫెయిలయ్యాక ఏయూసెర్చ్ మైనస్ కే, అదే పేరు, మైనస్ ఐ. ప్రోగ్రామ్ పేరు, దాని పాత్, ప్రాసెస్ ఐడీ, పేరెంట్ ఐడీ, యూజర్ అన్నీ వస్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. మీరు చెరపబోయే డైరెక్టరీ మీదే రూల్ పెడితే, అది చెరిగిన మొదటి రాత్రే రూల్ కూడా పోతుంది. మర్నాటి ఫెయిల్యూర్‌కు లాగ్ ఉండదు. అందుకని దాని పై డైరెక్టరీ మీద పెట్టండి, కింద ఉన్నవన్నీ దాని లెక్కలోకే వస్తాయి. మెషీన్ రీబూట్ అయినా రూల్ పోతుంది. ఉండాలంటే ఈటీసీ స్లాష్ ఆడిట్ స్లాష్ రూల్స్ డాట్ డి లో రాయాలి.

4.3 ఎస్‌ట్రేస్. ఆర్‌ఎం వైపు కథ చెప్పేది. స్క్రిప్ట్‌లో ఆర్‌ఎం ముందు ఎస్‌ట్రేస్ మైనస్ ఎఫ్, మైనస్ టీటీ, మైనస్ ఈ ట్రేస్ ఈక్వల్ టు అన్‌లింక్‌యాట్ (చెరపమని కెర్నల్‌ను అడిగే కాల్), మైనస్ ఓ, ఒక ఫైల్ పేరు అని చేర్చండి. ఇది ఆర్‌ఎంను మెల్లగా చేస్తుంది, దాంతో ఫెయిల్యూర్లు పెరగొచ్చు. పట్టుకోవాలని చూస్తున్నాం కాబట్టి అది మనకు మంచిదే.

ఆడిట్, ఎస్‌ట్రేస్ రెండు లాగ్‌లనూ టైమ్ ప్రకారం పక్కపక్కన పెట్టి చదివితే విషయం బయటపడుతుంది. నేను ఒకప్పుడు చూసుకున్న బిల్డ్ సర్వర్ మీద ఇలా కనిపించింది.

02:14:07.318: ఆర్‌ఎం టెస్ట్ ఫోల్డర్‌లో ఆఖరి ఫైల్ చెరిపింది. ఫలితం 0.
02:14:07.319: పైథాన్ ప్రాసెస్ ఒకటి అదే ఫోల్డర్‌లో కొత్త ఫైల్ తెరిచింది. పేరెంట్ ఐడీ 1.
02:14:07.322: ఆర్‌ఎం ఆ ఫోల్డర్‌ను చెరపబోయింది. ఫలితం మైనస్ 1, నాట్ ఎంప్టీ.

నాలుగు మిల్లీసెకన్ల కథ. పేరెంట్ ఐడీ 1 అన్న దగ్గరే నా కళ్లు ఆగాయి. మా స్క్రిప్ట్ టెస్ట్ సర్వర్‌కు కిల్ పంపి, అది ఆగేదాకా వెయిట్ కూడా చేసేది. అందుకే మా ప్రాసెస్‌ల మీద మాకు అనుమానం రాలేదు. కానీ సర్వర్ పుట్టించిన వర్కర్లు తల్లి పోయాక అనాథలై ఒకటో ప్రాసెస్ కిందికి చేరాయి. అవి ఆగే ముందు కవరేజీ లెక్కలు ఒక ఫైల్లో రాసి ఆగేవి. అలా రాయాలని మేమే పెట్టుకున్నాం. డిస్క్ ఖాళీగా ఉన్న రాత్రి వర్కర్లు ఆర్‌ఎం కంటే ముందే ముగించేవి. బ్యాకప్ రాత్రుల్లో వెనకబడేవి. నాలుగు నెలలు మేము స్టోరేజీవాళ్లను ఆడిపోసుకున్నాం, పాపం.

## 5. నెట్‌వర్క్ డిస్క్ అయితే లెక్క వేరు

ఫైండ్‌ఎంఎన్‌టీ మైనస్ క్యాపిటల్ టీ కొడితే ఫైల్ సిస్టమ్ రకం వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ లేదా సీఐఎఫ్‌ఎస్ (విండోస్ షేర్) అని ఉంటే, పైన చెప్పిన "తెరిచి ఉన్నా చెరుగుతుంది" అన్న మాట ఇక్కడ పూర్తిగా నిలవదు.

ఎన్‌ఎఫ్‌ఎస్ మీద మీ మెషీన్‌లోనే ఒక ప్రాసెస్ ఫైల్ తెరిచి ఉంచితే, దాన్ని మీరు చెరిపినప్పుడు క్లయింట్ నిజంగా చెరపదు. చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలై, వెనక పొడుగాటి అక్షరాలు, అంకెలు ఉన్న పేరు పెట్టి అక్కడే దాస్తుంది. ఆ ఫైల్ ఉన్నందువల్ల డైరెక్టరీ ఖాళీ కాదు. ఆ ఫైల్‌ను నేరుగా చెరపబోతే బిజీ అంటుంది. ఆ ప్రాసెస్ ఫైల్ మూసిన క్షణం అదే పోతుంది. ఇక్కడ చదివేవాడు కూడా అడ్డే.

ఏం చేయాలంటే:

1. ఫెయిలైనప్పుడు తీసిన ఎల్‌ఎస్ లిస్ట్‌లో చుక్క ఎన్‌ఎఫ్‌ఎస్ పేర్లు ఉన్నాయేమో చూడండి.
2. ఉంటే అదే మెషీన్‌లో సుడోతో ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి ఆ పేరు వెతకండి. ప్రాసెస్ దొరుకుతుంది.
3. అక్కడ దొరక్కపోతే అదే డిస్క్‌ను మౌంట్ చేసిన మిగతా క్లయింట్లలో వెతకండి. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ మీద ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టి లాభం లేదు, క్లయింట్ ప్రాసెస్‌లు అక్కడ కనిపించవు.
4. ప్రాసెస్‌ను పద్ధతిగా ఆపండి. ఫైల్ దానంతటదే పోతుంది.
5. ఏ క్లయింట్‌లోనూ ఎవరూ పట్టుకోలేదని తేలితే, అది ఎప్పుడో క్రాష్ అయిన మెషీన్ వదిలేసిన చెత్త. అప్పుడు చేత్తో తీసేయండి.

నాలుగో అడుగు దాటేసి ఇంకో మెషీన్ నుంచి ఆ ఫైల్ చెరిపేస్తే చెరుగుతుంది, నిజమే. కానీ అక్కడ వాడుతున్న ప్రోగ్రామ్‌కు స్టేల్ ఫైల్ హ్యాండిల్ వస్తుంది. మీ సమస్య ఇంకొకరి నెత్తిన పడుతుంది.

రెండో సంగతి క్యాష్. ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ డైరెక్టరీ సమాచారాన్ని మామూలు సెట్టింగ్‌లో 30 నుంచి 60 సెకన్ల దాకా గుర్తుపెట్టుకుంటుంది. ఒక మెషీన్‌లో పుట్టిన ఫైల్ ఇంకో మెషీన్‌లో వెంటనే కనిపించకపోవచ్చు. అందుకే ఎల్‌ఎస్‌లో ఖాళీ, ఆర్‌ఎం‌డైర్‌లో నాట్ ఎంప్టీ. దీనికి మందుగా నోఏసీ (ఆ క్యాష్‌ను ఆపేసే మౌంట్ సెట్టింగ్) పెట్టమని సలహా ఇస్తుంటారు. అంత పని చేయకండి, డిస్క్ పని మొత్తం నత్తనడక అవుతుంది. రాసే మెషీనే చెరిపేలా పని పంచుకోండి.

విండోస్ షేర్ల సంగతి ఒక్క ముక్కలో: అక్కడ ఇంకొకరు తెరిచిన ఫైల్ చెరపమంటే అస్సలు ఒప్పుకోకపోవచ్చు, లేదా వాళ్లు మూసేదాకా పేరు అలాగే వేలాడుతుంది.

## 6. బిజీ అంటే: మౌంట్, కంటైనర్

లోకల్ డిస్క్ మీద 16 వస్తే ఆ డైరెక్టరీ మీద ఏదో మౌంట్ అయి ఉందని అర్థం. ఫైండ్‌ఎంఎన్‌టీ లిస్ట్‌లో ఆ పాత్ వెతకండి. అక్కడ లేకపోతే ప్రాక్ కింద ప్రతి ప్రాసెస్‌కూ ఉండే మౌంట్‌ఇన్ఫో ఫైళ్లలో గ్రెప్ చేయండి. కంటైనర్‌కు దాని మౌంట్ల లిస్ట్ విడిగా ఉంటుంది, బయటి నుంచి చూస్తే కనిపించదు. పాత కెర్నల్స్‌లో, 3.18కి ముందు, ఎక్కడో కంటైనర్ లోపల మౌంట్ అయి ఉన్నా బయట డిలీట్ చేస్తే బిజీ అనేది. కొత్తవాటిలో మీ సొంత లిస్ట్‌లో ఉన్న మౌంటే అడ్డుపడుతుంది.

ఇక్కడ ప్రమాదం ఒకటుంది. ఆర్‌ఎం మైనస్ ఆర్ఎఫ్ మౌంట్ పాయింట్‌ను చూసి వెనక్కి తగ్గదు. ముందు లోపలున్నవన్నీ చెరిపేసి, అప్పుడు బయటి డైరెక్టరీ దగ్గర బిజీ అంటుంది. అంటే బిజీ మెసేజ్ చూసే సమయానికే అసలు డేటా పోయి ఉండొచ్చు.

డబుల్ మైనస్ వన్ ఫైల్ సిస్టమ్ పెడితే కాపాడుతుంది అనుకుంటారు. సగమే నిజం. వేరే డిస్క్ అయితే ఆగుతుంది. అదే డిస్క్‌లోని ఫోల్డర్‌ను బైండ్ మౌంట్ చేసి, అంటే ఇంకో పాత్‌లో కూడా కనిపించేలా తగిలించి, ఉంటే దానికి తేడా తెలియదు, చక్కగా చెరుపుకుంటూ పోతుంది. కంటైనర్లకు మనం ఇచ్చేవి ఎక్కువగా బైండ్ మౌంట్లే. కాబట్టి చెరిపే ముందు కంటైనర్ ఆపండి, అన్‌మౌంట్ చేయండి, ఫైండ్‌ఎంఎన్‌టీలో ఏమీ లేదని చూసుకోండి, అప్పుడే ఆర్‌ఎం.

## 7. పర్మిషన్: ఎప్పుడూ కాకుండా అప్పుడప్పుడు ఎందుకు?

ఫైల్‌ను చెరపడానికి కావలసింది ఆ ఫైల్ మీద హక్కు కాదు, అది ఉన్న డైరెక్టరీ మీద రాసే, లోపలికి వెళ్లే హక్కులు. నేమ్‌ఐ మైనస్ ఎల్ కొట్టి పాత్ ఇస్తే పై నుంచి కింది దాకా ఎక్కడ తెగిందో కనిపిస్తుంది.

అప్పుడప్పుడు మాత్రమే వస్తోందంటే, అప్పుడప్పుడు మాత్రమే రూట్‌గా నడిచే పని ఏదో అందులో సబ్ డైరెక్టరీ పెడుతోంది. కంటైనర్‌లో రూట్‌గా టెస్టులు నడిపితే పైథాన్ క్యాష్ ఫోల్డర్లు రూట్ పేరున పుడతాయి. మందు: కంటైనర్‌ను మీ యూజర్ ఐడీతోనే నడపడం. స్క్రిప్ట్‌లో సుడో ఆర్‌ఎం పెట్టడం మందు కాదు.

13 కాకుండా 1 వస్తే రెండు చూడండి. టెంప్ లాంటి స్టికీ బిట్ (ఒకరి ఫైల్ ఇంకొకరు చెరపకుండా ఆపే గుర్తు) ఉన్న డైరెక్టరీలో వేరేవాళ్ల ఫైలా? లేక ఎల్‌ఎస్‌ఏటీటీఆర్‌లో ఐ (అసలు మార్చకూడదు) అనో ఏ (చివర చేర్చడం మాత్రమే) అనో అక్షరం ఉందా? ఐ ఉంటే రూట్ కూడా చెరపలేదు. అది ఎవరో కావాలని పెట్టిందే, తీసే ముందు వాళ్లను అడగండి.

## 8. సరిచేయడం: ఏది ముందు, ఏది తర్వాత

కారణం తెలిశాక ఈ వరసలో వెళ్లండి.

1. రాసేవాణ్ణి ఆపండి, పిల్లలతో సహా. కిల్ కమాండ్ సిగ్నల్ పంపి వెంటనే తిరిగొస్తుంది, ప్రాసెస్ ఆగిందని కాదు. షెల్‌లోని వెయిట్ తను నేరుగా పుట్టించిన ప్రాసెస్‌లకే పనిచేస్తుంది. వర్కర్లను పుట్టించే ప్రోగ్రామ్ అయితే సిస్టమ్‌డీ రన్ డబుల్ మైనస్ వెయిట్‌తో నడపండి. ముఖ్య ప్రాసెస్ అయ్యాక ఆ గుంపులో మిగిలినవాటన్నిటినీ అదే ఆపి, అప్పుడు తిరిగొస్తుంది. మా బిల్డ్ సర్వర్ సమస్య ఈ ఒక్క మార్పుతోనే పోయింది.

2. జాబ్ మీద జాబ్ పడకుండా చూడండి. క్రాన్ లైన్‌లో ఎఫ్‌లాక్ మైనస్ ఎన్ పెడితే పాతది నడుస్తుండగా కొత్తది మొదలవదు.

3. ముందు పేరు మార్చండి, తర్వాత చెరపండి. అదే డిస్క్‌లో చెత్త డైరెక్టరీ ఒకటి పెట్టి, టైమ్ కలిపిన కొత్త పేరుతో ఎంవీ చేయండి. పేరు మార్పు ఒక్క దెబ్బకు జరుగుతుంది, సగం జరగడం ఉండదు. కొత్త బిల్డ్‌కు దారి వెంటనే ఖాళీ అవుతుంది. పాతదాన్ని తీరిగ్గా చెరుపుకోవచ్చు. అయితే డైరెక్టరీలోనే కూర్చుని ఉన్న ప్రాసెస్ కొత్త పేరులోకి కూడా వెంటే వస్తుంది, అక్కడా రాస్తుంది. కాబట్టి ఇది ఒకటో అడుగుకు బదులు కాదు. వేరే డిస్క్‌లోకి ఎంవీ చేస్తే అది కాపీ చేసి చెరపడమే, లాభం సున్నా.

4. అప్పటికీ మిగిలితే, లెక్కపెట్టి మళ్లీ ప్రయత్నించండి. 39కీ 16కీ మాత్రమే. 1 సెకను, 2 సెకన్లు, 4 సెకన్లు ఆగి మూడుసార్లు. అయినా కాకపోతే ఒకటో భాగంలోని స్క్రిప్ట్ నడిపి, గట్టిగా ఫెయిలవ్వాలి. పర్మిషన్ ఎర్రర్‌కు వందసార్లు ప్రయత్నించినా ఫలితం ఒకటే.

స్క్రిప్ట్‌లో వేరియబుల్ వాడుతుంటే, పేరు తర్వాత కోలన్, ప్రశ్న గుర్తు పెట్టి బ్రేసుల్లో రాయండి. వేరియబుల్ ఖాళీగా ఉంటే స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది. అది లేకుండా ఆర్‌ఎం తర్వాత వేరియబుల్, దాని వెనక స్లాష్ స్టార్ రాసినవాళ్లు ఏదో ఒక రోజు సర్వర్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.

## 9. చేతులు కాల్చుకునే తప్పులు

ఎఫ్‌యూజర్ మైనస్ కే తో ఎం కలపడం. ఎం పెడితే ఆ డైరెక్టరీ కాదు, అది ఉన్న ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని వాడేవాళ్లందరూ లెక్కలోకి వస్తారు. మీ ఫోల్డర్ రూట్ డిస్క్ మీద ఉంటే, ఒక్క ఎంటర్‌తో మెషీన్‌లో ఉన్నవాళ్లందరినీ చంపినట్టే. మీ సొంత లాగిన్‌తో సహా.

పోయేదాకా లూప్ తిప్పడం. రాసేవాడు ఆగకపోతే ఆ లూపూ ఆగదు. పైగా వాడు రాస్తున్నది ఎవరికైనా అవసరమైన ఫైల్ అయితే, దాన్ని మీరు చెరుపుతూనే ఉన్నట్టు.

స్లీప్ 5 పెట్టి బాగైంది అనుకోవడం. బాగవలేదు. నెలకు రెండుసార్లు వచ్చేది రెండు నెలలకు ఒకసారి వస్తుంది, అప్పటికి ఆ స్లీప్ ఎందుకు పెట్టామో ఎవరికీ గుర్తుండదు.

రీబూట్. సమస్య పోతుంది, ఆధారమూ పోతుంది.

## 10. నిజంగా బాగైందో లేదో చూడటం

ముందు సమస్యను మీరే పుట్టించి చూడండి. ఒక టెర్మినల్‌లో ఆగకుండా కొత్త కొత్త పేర్లతో ఫైళ్లు టచ్ చేసే లూప్, రెండో దాంట్లో ఆ డైరెక్టరీ మీద ఆర్‌ఎం మైనస్ ఆర్ఎఫ్. కొన్ని ప్రయత్నాల్లోనే నాట్ ఎంప్టీ కళ్లారా కనిపిస్తుంది.

తర్వాత మీ మార్పు పెట్టి, అసలు స్క్రిప్ట్‌ను 200 సార్లు వరసగా నడపండి. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు. పక్కన పెద్ద ఫైల్ కాపీయో బ్యాకప్పో నడుస్తుండగా. ఒక్కటి ఫెయిలైనా కారణం ఇంకోటి ఉందని అర్థం. మెసేజ్ చదివి 2వ భాగానికి వెళ్లండి.

రెండు వారాలు రాత్రి లాగ్‌లు శుభ్రంగా ఉంటే, పెట్టినవన్నీ తీయండి:

- ఆడిట్ రూల్, క్యాపిటల్ డబ్ల్యూతో. రూల్స్ డాట్ డి లో రాసి ఉంటే అక్కడా
- నడుస్తున్న ఐనోటిఫైవెయిట్
- స్క్రిప్ట్‌లో ఆర్‌ఎం ముందు చేర్చిన ఎస్‌ట్రేస్

ఫెయిలైనప్పుడు నడిచే చిన్న స్క్రిప్ట్‌ను మాత్రం ఉంచండి, దాని బరువేమీ లేదు. మేము ఆ మూడోదాన్ని మర్చిపోయాం. ప్రతి రాత్రీ కొత్త పేరుతో ఒక ఎస్‌ట్రేస్ లాగ్ చేరుతూ చేరుతూ డిస్క్ నిండి, ఒక ఆదివారం పొద్దున్నే నేను హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఉండగా ఫోన్ మోగింది: "అన్నా, ఈసారి డిలీట్ బాగానే అవుతోంది, బిల్డే రాయట్లేదు."